అక్వేరియం చేపకు ఏం పెడుతున్నారు?

కిందటి వేసవిలో ఖమ్మం వెళ్లినప్పుడు మా మేనకోడలి ఇంట్లో పిల్లవాడు అన్నం మానేసి కూర్చున్నాడు. వాడికి తొమ్మిదేళ్లు. పుట్టినరోజుకు కొనిపెట్టిన గాజుతొట్టిలో అయిదు గోల్డ్ ఫిష్ ఉండేవి. వారం తిరగకుండా మూడు పోయాయి. మిగిలిన రెండూ నీటి పైభాగానికి వచ్చి నోరు తెరిచి మూస్తూ ఆయాసపడుతున్నాయి. తొట్టి దగ్గరకు వెళితే నీచు వాసన. నీళ్లు కుడితినీళ్లలా తెల్లగా ఉన్నాయి.

"ఏం పెడుతున్నావమ్మా వీటికి?" అని అడిగాను.

"కొట్లో అమ్మే డబ్బా ఖరీదు మామయ్యా. అది అయిపోయాక అన్నం మెతుకులూ, బిస్కట్ పొడీ వేస్తున్నాం. వాటికేం లోటు చెయ్యలేదు. దగ్గరకు వెళ్లినప్పుడల్లా ఆకలని పైకి వస్తాయి, వీడు నాలుగుసార్లు పెడతాడు" అంది.

లోటు చెయ్యకపోవడమే వచ్చిన చిక్కు.

ఆరోగ్యశీర్షికలో చేపలతొట్టి గొడవేమిటని విసుక్కోకండి. ఈనాడు చిన్న ఊళ్లలో కూడా ముందుగదిలో ఒక గాజుతొట్టి కనిపిస్తోంది. అందులో నీరు కుళ్లితే ఆ నీటిలో చేతులు పెట్టేది ఇంట్లో పసివాళ్లే. చేపలకోసమని దోమపిల్లలను పెంచే ఇళ్లు కూడా నేను చూశాను. చేపల మేత సంగతి ఇంటి ఆరోగ్యం సంగతే.

ముందుగా చేప ఆకలి గురించి ఒక మాట. మనిషి కనబడగానే గోల్డ్ ఫిష్ పైకి వస్తుంది. అది ఆకలి కాదు, అలవాటు. ఏరులో, చెరువులో ఎప్పుడు ఏది దొరుకుతుందో తెలియదు గనుక దొరికినప్పుడల్లా తినడం దాని స్వభావం. పైగా గోల్డ్ ఫిష్ కార్పు జాతికి చెందినది. ఈ జాతి చేపలకు మనకున్నట్లు జీర్ణాశయమనే సంచీ లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. నిలవ చేసుకునే చోటు లేని జీవికి ఒక్కసారి కడుపునిండా పెట్టడమనే మాటకు అర్థం లేదు. కొద్దికొద్దిగా, రెండుపూటలా పెట్టాలి.

ఎంత పెట్టాలి? పెరిగిన చేపకు రోజు మొత్తానికి దాని బరువులో నూటికి ఒకటి, మహా అయితే రెండు పాళ్లు చాలు. పది గ్రాముల బరువున్న గోల్డ్ ఫిష్‌కు రోజుకు గ్రాములో పదోవంతు నుంచి అయిదోవంతు. అలాంటి అయిదు చేపలున్న ఇంట్లో నెలకు పట్టే మేత పదిహేను నుంచి ముప్పై గ్రాములు. మళ్లీ చదవండి. నెలకు ముప్పై గ్రాములు మించదు! యాభై గ్రాముల చిన్న డబ్బా నెలన్నరకు తక్కువ రాదు. మా మేనకోడలు ఇంట్లో వంద గ్రాముల డబ్బా ఇరవై రోజుల్లో అయిపోయింది. అంటే మేత ఖరీదై పోలేదు, ఎక్కువ పడింది. చేపలు తినగా మిగిలినదంతా రాళ్ల సందుల్లో చేరి కుళ్లింది.

కుళ్లితే ఏమవుతుందో కాస్త లెక్క వేసి చూపిస్తాను. మేతలో ముఖ్యమైన భాగం మాంసకృత్తులు. మాంసకృత్తుల్లో నూటికి పదహారు పాళ్లు నత్రజని. నలభై శాతం మాంసకృత్తులున్న మేత ఒక్క గ్రాము తొట్టి అడుగున కుళ్లిపోయిందనుకోండి. అరవైనాలుగు మిల్లీగ్రాముల నత్రజని అమ్మోనియా రూపంలో నీటిలో కలుస్తుంది. నలభై లీటర్ల తొట్టిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములన్నమాట. చేప కూడా తన ఒంట్లోని వ్యర్థపదార్థాన్ని మొప్పల ద్వారా అమ్మోనియాగానే వదులుతుంది. అది దీనికి అదనం.

అమ్మోనియా అన్ని నీళ్లలోనూ ఒకే తీరుగా విషం కాదు. నీటి క్షారగుణం పెరిగినకొద్దీ విషం పెరుగుతుంది. పి.హెచ్. ఏడు ఉన్న నీటికంటే ఎనిమిది ఉన్న నీటిలో ఇంచుమించు పదిరెట్లు ఎక్కువ. మన ప్రాంతపు బోరునీళ్లు చాలాచోట్ల కఠినజలాలు, క్షారగుణం కలవి. పప్పు ఉడకదని మీరు విసుక్కునే ఆ నీళ్లలోనే చేప బతకాలి. మెత్తటి నీళ్లున్న ఊరిలో చెల్లిన పొరపాటు ఖమ్మంలో చెల్లకపోవచ్చు.

నీటిలోనూ, రాళ్ల మీదా, వడపోత స్పాంజిలోనూ కొన్ని మంచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి అమ్మోనియాను నైట్రైటుగానూ, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగానూ మారుస్తాయి. కొత్తతొట్టిలో ఇవి స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్తగా తెచ్చిన చేపలు మొదటి నెలలోనే ఎక్కువగా పోవడానికి కారణం ఇదే. ఆ నెలరోజులూ మేత సగమే వేయండి. స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా ఉతికితే ఆ సూక్ష్మజీవులన్నీ పోతాయి. తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండి మళ్లీ పెట్టండి.

ఇక వేసవి. కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల ఎండలు ఎటువంటివో కొత్తగా చెప్పనక్కరలేదు. నలభై అయిదు డిగ్రీలు దాటిన రోజులు అక్కడ అరుదు కాదు. నీరు వేడెక్కినకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఇరవై డిగ్రీల నీటిలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు ఇమిడితే, ముప్పై డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే. అదే సమయంలో చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది, తిన్నది అరిగించుకోవడానికి మరింత కావాలి. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో మేత సగం చేసి, తెల్లవారగానే చల్లవేళ ఒకపూట మాత్రమే వేయండి. కరెంటు పోయి గాలిపంపు ఆగినప్పుడు అసలు వేయకండి. చెంబుతో తొట్టినీళ్లే తీసి జానెడు ఎత్తునుంచి నెమ్మదిగా పోస్తూ ఉంటే కొంత గాలి కలుస్తుంది. నీళ్లు మరీ వేడెక్కితే ఐసుముక్కలు వేయకూడదు. గడ్డకట్టిన నీళ్లసీసాను మూత బిగించి కాసేపు తేలనివ్వండి.

ఇప్పుడు అసలు సంగతి. తక్కువ ఖర్చులో బలమైన మేత ఏది?

అన్నం, రొట్టె, బిస్కట్ కావని తేలిపోయింది. వీటిలో ఉన్నది పిండిపదార్థం. చేపకు కావలసింది మాంసకృత్తులు. గోల్డ్ ఫిష్‌కు మేతలో ముప్పై, ముప్పై అయిదు శాతం కావాలి. ఫైటర్ వంటి మాంసాహారపు చేపలకు నలభై పైన. అన్నం మెతుకు నీటిలో ఉబ్బి, తిన్న చేప పొట్ట ఉబ్బించి, తినకపోతే నీటిని పాడుచేస్తుంది.

మన ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో బొచ్చె, రవ్వ చేపలను పెంచే రైతులు తవుడు, వేరుశనగచెక్క కలిపి వేస్తారు. చెరువులో ఆ చేపలకు దొరికే సహజాహారం వేరే ఉంది గనుక అది సరిపోతుంది. గాజుతొట్టిలో అటువంటి సహజాహారం ఏమీ లేదు. కాబట్టి జంతుసంబంధమైన మాంసకృత్తులు కొంత మనమే కలపాలి.

నేను మా మేనకోడలికి చెప్పిన పద్ధతి ఇది. సంతలో చవకగా దొరికే ఎండురొయ్యలు ముప్పై గ్రాములు తీసుకోండి. ఉప్పు ఉంటుంది గనుక రెండుమూడు నీళ్లలో కడిగి, అరగంట నానబెట్టి, మళ్లీ ఎండబెట్టి పొడిచేయండి. సోయా మీల్‌మేకర్ ముప్పై గ్రాములు పొడిచేయండి. గోధుమపిండి ముప్పై అయిదు గ్రాములు. నాలుగైదు పాలకూర ఆకులు ఉడికించి మెత్తగా నూరండి. ఒక చెంచా వేరుశనగ నూనె. ఇవన్నీ చపాతీ పిండిలా కలిపి, ఆకులో చుట్టి కుడుముల్లా ఆవిరిమీద ఉడికించండి. చల్లారాక కారప్పూస గిద్దల్లో సన్నబిళ్ల వేసి పలుచటి గుడ్డమీద నొక్కి, నీడలో ఎండబెట్టి, నలిపి గింజలు చేసుకోండి. ఇందులో మాంసకృత్తులు సుమారు ముప్పై అయిదు శాతం వస్తాయి. వందగ్రాముల లోపు తయారవుతుంది. అయిదు చేపలకు మూడు నెలలు. ఉప్పు, కారం, మసాలా ఏదీ పడకూడదు. గిద్దలు బాగా కడిగి వాడండి. లేకపోతే వచ్చే పండుగకు కారప్పూసలో రొయ్యల వాసన వస్తుంది, నన్ను తిట్టుకుంటారు.

ఈ మేతలో ఒక లోపం ఉంది. విటమిన్ సి ఉడికించినప్పుడు చాలావరకు నశిస్తుంది. మనలాగే చాలా రకాల చేపలు ఈ విటమినును తమ ఒంట్లో తయారుచేసుకోలేవు. అది కొరవడితే పెరిగే చేపకు వెన్నెముక వంకరపోతుంది. వంకర వీపు చేపలను కొట్లో చూసి అదొక జాతి అనుకునేవారున్నారు! వారానికి రెండుసార్లు పాలకూర ఆకును వేడినీళ్లలో ముంచి తీసి, దారంకట్టి తొట్టిలో వేలాడదీయండి. పచ్చిబఠానీ ఒకటి ఉడికించి, తొక్క తీసి, చిదిపి వేసినా మంచిదే. పొట్ట ఉబ్బిన గోల్డ్ ఫిష్‌కు ఒకరోజు పస్తు ఉంచి, మర్నాడు ఈ బఠానీ పెట్టి చూడండి. తేరుకోవడం నేను చాలాసార్లు గమనించాను. మిగిలిన రోజుల్లో ఇంటి మేతనూ, కొన్న మేతనూ మార్చిమార్చి వేస్తే లోపాలు ఒకదానినొకటి పూడ్చుకుంటాయి.

కొన్న మేత విషయంలో చవక అని కిలో సంచీ విప్పి విడిగా తూచి ఇచ్చేది కొనకండి. తెరిచిన సంచీలో, మన ఎండలకు, నూనె చేదెక్కుతుంది, విటమినులు తరిగిపోతాయి. చిన్న డబ్బా, తయారైన తేదీ చూసి, మూడు నెలల్లో అయ్యేటంత కొనండి. తడిచేత్తో తీయకండి.

బూజు సంగతి మరచిపోకూడదు. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీకోళ్లు అంతుపట్టని వ్యాధితో చచ్చిపోయాయి. వెతగ్గా వెతగ్గా, వాటికి పెట్టిన వేరుశనగచెక్కలో బూజు పుట్టించిన విషం దొరికింది. దాని పేరు ఎఫ్లటాక్సిన్. అదే దశకంలో అమెరికాలో పెంపకపు ట్రౌట్ చేపలకు కాలేయంలో కాన్సరు గడ్డలు విరివిగా వస్తే, అక్కడా బూజుపట్టిన పత్తిగింజల చెక్కే కారణమని తేలింది. మనుషుల కాలేయానికి కూడా ఇది హానికరమే. వానాకాలంలో మెత్తబడి వాసన కొట్టే చెక్కను, పల్లీలను మీరూ తినకండి, చేపకూ వేయకండి. బూజు దులిపి ఎండబెట్టినంత మాత్రాన విషం పోదు.

చెక్క అంటే గుర్తుకొచ్చింది. ఇది ఇటువైపు వారు తప్పనిసరిగా తెలుసుకోవలసిన సంగతి. పాల్వంచ దాటి భద్రాచలం అడవుల వైపు వెళితే ఇప్పచెట్లు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. పువ్వు తింటారు, గింజల నుంచి నూనె తీస్తారు. నూనె తీయగా మిగిలిన ఇప్పచెక్క చూడడానికి వేరుశనగచెక్కకు పెద్ద తేడాగా ఉండదు, చవక కూడా. కాని అది చేపకు పచ్చివిషం. అందులో సపోనినులనే కుంకుడురసం వంటి నురుగు పదార్థాలున్నాయి. అవి మొప్పల ద్వారా లోపలికి చేరి రక్తకణాలను పగలగొడతాయి. చేపల రైతులు కొత్త పిల్లలను వదలడానికి ముందు చెరువులోని పనికిరాని చేపలను చంపడానికి కావాలనే ఇప్పచెక్క చల్లుతారు. ఆ మోతాదు లీటరు నీటికి ఇంచుమించు పావుగ్రాము. మీ నలభై లీటర్ల తొట్టికి లెక్కవేస్తే పది గ్రాములు, అంటే చిన్న గుప్పెడు. చెరువులో ఆ విషం విరిగి, నీరు మళ్లీ చేపలకు పనికిరావడానికి రెండు వారాలపైన పడుతుంది.

కానుగచెక్క, వేపచెక్క, ఆముదపుచెక్క కూడా పొలానికి ఎరువులే గాని మేత కావు. సంతలో చెక్క కొనేటప్పుడు ఏ గింజదో అడిగి తెలుసుకోండి. ఏమాత్రం అనుమానమున్నా కొనకండి. నేను పైన చెప్పిన మేతలో చెక్క అసలు కలపకపోవడానికి కారణం ఇదే.

ప్రాణమున్న ఆహారం చేపకు మరీ ఇష్టం. బజారులో అమ్మే ఎర్రటి దారాలవంటి పురుగులు మురుగునీటిలో పెరుగుతాయి. వాటితోపాటు ఆ మురుగూ మన ఇంటికి వస్తుంది. వాటికంటే పెరట్లో పెంటకుప్ప కింద దొరికే ఎర్రలు మేలు. గాలానికి గుచ్చే వానపాములే. వాటిని ఒకరోజు తడిగుడ్డలో ఉంచి, పొట్టలోని మట్టి పోయాక, కడిగి, చేప నోటికి సరిపడేలా సన్నగా తరిగి వారానికి ఒకసారి వేయండి. పురుగుమందు చల్లిన నేలలోవి వద్దు. గప్పీలు పిల్లలు పెట్టినప్పుడు, ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన శనగగింజంత తీసుకుని, పలుచటి గుడ్డలో మూటకట్టి, తొట్టిలో ఒకసారి పిండితే చాలు. రెండోసారి పిండారా, నీళ్లు పాలలా అవుతాయి.

మా మేనకోడలి కొడుకు ఎవరో చెప్పగా విని పెరట్లో ఒక ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లుపోసి మూత తీసిపెట్టాడు. వారానికల్లా అందులో దోమపిల్లలు గిలగిల కొట్టుకుంటున్నాయి. "చేపలకు మంచి తిండి తాతయ్యా, పైసా ఖర్చు లేదు" అన్నాడు గర్వంగా. వాడు చెప్పినది అబద్ధం కాదు. దోమపిల్లలు చేపకు చాలా బలం. కాని గుడ్డునుంచి ఎగిరే దోమ కావడానికి వేడి వాతావరణంలో వారం పదిరోజులే పడుతుంది. బడి, హోంవర్కు, క్రికెట్టు మధ్య వాడు రెండురోజులు మరచిపోతే డబ్బాలో సగం ఎగిరిపోతాయి. ఇంటిలోపలా చుట్టూ ఉండే నిలవనీటిలో పెరిగే చారలదోమే డెంగీని మోసేది. 2019 వానాకాలంలో ఖమ్మంలో డెంగీ ఎంత భయపెట్టిందో మరచిపోయేటంత కాలం కాలేదు. భద్రాచలం ఏజెన్సీలో మలేరియా పాత శత్రువు. ఆ జ్వరాన్ని దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికిందరాబాదులోనే. అంతటి ఊళ్లున్న రాష్ట్రంలో దోమలను మనమే పెంచి పెట్టడం బాగుండదు. ఆ డబ్బా నేనే ఎండలో నేలమీద బోర్లించాను. వాడు రెండు గంటలు నాతో మాట్లాడలేదు.

దీనికి తిరగేసిన పద్ధతి మంచిది. చేపలకోసం దోమలు వద్దు, దోమలకోసం చేపలు ఉంచండి. పెరట్లో మూత పెట్టడానికి వీలులేని సిమెంటు తొట్టి, తామరకుండీ ఉంటే అందులో నాలుగు గప్పీలు వేయండి. దోమపిల్లలను అవే ఏరుకు తింటాయి, మేత ఖర్చు లేదు. 1928లో ఇటలీ నుంచి మనదేశానికి తెచ్చిన గంబూసియా చేప పని కూడా ఇదే. అయితే వీటిని మనంతట మనం మున్నేరులోగాని, లకారం చెరువులోగాని, అడవి వాగుల్లోగాని వదలకూడదు. ఇవి మన నాటుచేపల గుడ్లను, పిల్లలను కూడా తింటాయి. తొట్టిలో గాజు నాకుతూ ఉండే గరుకువీపు చేప పెరిగిపోయిందని కాలువలో పారేసినవారి పుణ్యమే, కృష్ణా జలాల్లో జాలరుల వలలు చింపుతున్న డెవిల్ ఫిష్.

ఇప్పుడు మన ఒంటి సంగతి. తొట్టినీరు మార్చేటప్పుడు గొట్టాన్ని నోటితో పీల్చి నీళ్లు లాగడం చాలామందికి అలవాటు. దయచేసి మానండి. ఆ నీటిలో విరోచనాలు కలిగించే సూక్ష్మజీవులు ఉండవచ్చు. గొట్టాన్ని నీటిలో ముంచి నింపి, ఒక కొస వేలితో మూసి కిందికి దించితే నీరు దానంతటదే వస్తుంది. తీసిన నీటిని వంటగది తూములో పోయకండి. మొక్కలకు పోస్తే మంచి ఎరువు. చేతిమీద కోతగాని పుండుగాని ఉంటే తొట్టిలో చెయ్యి పెట్టకండి. క్షయకు దాయాది అయిన ఒక సూక్ష్మజీవి చేపలతొట్లలో ఉంటుంది. అది గాయంలో చేరితే రెండుమూడు వారాలకు వేలిమీదో, ముంజేతిమీదో నొప్పి అంతగా లేని గడ్డ లేచి, మామూలు మందులకు లొంగక నెలలు వేధిస్తుంది. అటువంటి గడ్డతో డాక్టరు దగ్గరకు వెళితే, ఇంట్లో చేపలతొట్టి ఉందని తప్పక చెప్పండి. అడగరు గనుక చెప్పరు, చెప్పరు గనుక తెలియదు. పిల్లలు మేత వేసినప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నీటిలో చెయ్యి పెట్టేముందు పంపు, లైటు స్విచ్‌లు ఆపి ప్లగ్గు తీయాలి.

చేప నీరసించిందని మందుల కొట్లో యాంటీబయాటిక్ గొట్టాలు కొని నీళ్లలో కలిపేవారున్నారు. అందువల్ల మంచి సూక్ష్మజీవులు చచ్చి అమ్మోనియా పెరుగుతుంది. మొండి సూక్ష్మజీవులు మిగులుతాయి. నూటికి తొంభై ఇళ్లలో కావలసిన మందు మేత తగ్గించడం, నీరు మార్చడం అని నా అభిప్రాయం. వారానికి పావువంతు నీరు తీసి, ఒకరోజు వెడల్పు బకెట్టులో నిలవ ఉంచిన కుళాయినీరు పోయండి. నిలవ ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది.

ఆ రోజు సాయంత్రం మేమిద్దరం కలిసి తొట్టి అడుగునున్న మడ్డి లాగేశాం. దోసెడు నానిన అన్నం, బిస్కట్ ముద్ద బయటపడ్డాయి. మూడోవంతు నీరు మార్చి, రెండురోజులు మేత ఆపించాను. "చచ్చిపోవూ తాతయ్యా?" అని వాడికి బెంగ. ఆరోగ్యంగా ఉన్న పెద్దచేప వారం రోజులు తిండి లేకపోయినా ఉండగలదని చెబితే వాడు నమ్మలేదు. మూడోరోజు పొద్దున మిగిలిన రెండూ అడుగున తిరగడం చూశాక నమ్మాడు.

ఈ లెక్కనే, పండుగకు ఊరికి వెళుతున్నప్పుడు మూడు నాలుగు రోజులకు మేత గురించి బెంగపడకండి. మేత డబ్బా పక్కింటి పిన్నిగారికి ఇచ్చి వెళ్లకండి. ఆవిడ మంచి మనసుతో మీ నెలరోజుల మేత ఒక్కరోజులో పెట్టేస్తుంది. వారానికి మించి వెళ్లవలసివస్తే రోజుకొక చిటికెడు చొప్పున చిన్న కాగితం పొట్లాలు కట్టి, మీద తేదీ వేసి ఇవ్వండి. డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్లండి.